తూము లేని తోట

మా నాయన తోటను మా వదిన ముట్టుతో మాడ్చేసిందని మా బంధువులంతా చెబుతారు. పెళ్ళిపందిట్లో చెబుతారు, దినాల భోజనాల దగ్గర చెబుతారు, రైలుపెట్టెలో ఎదురుపడితే పక్కవాళ్ళకు కూడా వినబడేలా చెబుతారు. “మంచాలు పట్టని జాగాలో నాలుగిండ్లకు కూరగాయలు పండించినాడమ్మా మీ నాయన. ఆ పిల్ల బయటున్నప్పుడు పాదుల్లో చేయి పెట్టింది. అంతే, నిలువునా మాడిపాయె.” చెప్పేవాళ్ళలో సగంమంది ఆ తోటను కంటితో చూడలేదు. చూసినవాళ్ళు సంచినిండా బీరకాయలు కోసుకొని, వక్కాకు వేసుకొని పోయినవాళ్ళు. నేను ఆ తోట కట్టిన రోజునుంచి పీకిన రోజుదాకా దాని మధ్యనే తిరిగాను. మా వదిన ఆ తోటను చంపలేదు. మా నాయన చంపాడు. నిర్లక్ష్యంతో కాదు, తెలివితో చంపాడు.

ఇన్నేళ్ళ తర్వాత ఈ తగాదా ఎందుకంటారా? యుద్ధం వచ్చాక బియ్యానికి, కిరసనాయిలుకు వరసల్లో నిలబడడం అలవాటైంది. పెరట్లో కూరగాయలు పండించుకోండని కర్నూలు గోడలమీద కాగితాలు అంటించారు. నేను ఇక్కడ ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతాను. నా అద్దె ఇంటి వెనక అరచేయంత పెరడు ఉంది, అందులో ఏడాది పొడుగునా ఏదో ఒక కూర కాస్తుంది. అది చూసి తోటి పంతులమ్మలు, పిల్లల తల్లులు సాయంత్రం పూట వచ్చి, చిన్న పెరటిని ఎలా అమర్చుకోవాలో అడుగుతున్నారు. నేను చెప్పేవాటిలో చాలావరకు మా నాయనవే. ఎత్తు పెరిగేవి వెనక వేయండి, పొట్టివి ముందు వేయండి. గోడను ఊరికే వదలకండి, అది నిలబెట్టిన నేల. తీగకింద నీడ పడేచోట ఆకుకూర చల్లండి. వంటింటి నీళ్ళను వీధిలోకి పోనివ్వకండి. ఇవన్నీ చెప్పి, మా నాయన చెప్పని రెండు మాటలు కలుపుతాను. నీళ్ళు బయటికి పోవడానికి తూము ఉంచండి. మనిషి కూర్చోవడానికి చోటు ఉంచండి. మొన్న ఒకావిడ, “మొదటిది సరే, రెండోది మొక్కలకెందుకండీ?” అని నవ్వింది. ఆమెకు జవాబు చెప్పబోయి ఇంత రాయవలసి వచ్చింది.

మాది కడప జిల్లాలో బండల గనుల పక్క ఊరు. నల్లబండ తప్ప అక్కడ భూమి ఇంకేదీ ధారాళంగా ఇవ్వదు. ఇంటి కప్పు బండ, నేల బండ, అటక బండ, కంచె బండ, గుడ్డలుతికే చోట బండ. ఇంటిముందు పెద్దమనుషులు కూర్చొని ఊరివాళ్ళ కాపురాలు తీర్పు చెప్పేదీ బండమీదే. నాయన గనిలో పనివాళ్ళమీద మేస్త్రీ. బండను వేలితో తట్టి ఎక్కడ పగులుతుందో చెప్పేవాడు. మనిషికి ఏ కష్టం వచ్చినా దానికి తగిన కొలతలో ఒక బండ ఎక్కడో ఉంటుందని ఆయన నమ్మకం. అన్న కూడా అదే గనిలో ఆయన కింద పనిచేసేవాడు. గనిలోనే కాదు, ఇంట్లోనూ ఆయన కిందే.

ఇంటి వెనక, వంటింటి గోడకూ బండల కంచెకూ మధ్య, సందులాంటి జాగా ఒకటి ఉండేది. దానికి ఒక కొసన ఉప్పునీళ్ళ బావి. తాగే నీళ్ళు ఊరవతల మంచినీళ్ళ బావినుంచి మోసుకురావాలి. ఇంటి బావి నీళ్ళు గిన్నెలకు, గుడ్డలకు, గొడ్లకు. పప్పు కూడా ఉడకదు ఆ నీళ్ళతో. రెండో కొసన బోదగడ్డితో కప్పిన చిన్న కొట్టం. ఇంట్లో ఆడవాళ్ళు బయట చేరితే ఆ మూడు రోజులూ దాంట్లో ఉండాలి. వదిన కాపురానికి వచ్చేనాటికి అమ్మకు ఆ కాలం దాటిపోయింది, నాకింకా రాలేదు. కాబట్టి కొట్టం వదిన ఒక్కదానిదే.

వదినది కోయిలకుంట్ల పక్క పల్లె. నల్లరేగట్లో జొన్న, పత్తి పండించే రైతుల పిల్ల. కంచె అవతలికి వినబడకుండా నవ్వడం ఆమెకు చాతనయ్యేది కాదు. దానికి అమ్మ చేత మాటలు పడేది, పడి మళ్ళీ నవ్వేది. మా ఇంట్లో నవ్వేవాళ్ళు అంతకుముందు లేరు, ఆ తర్వాత లేరు.

ఒకసారి పనిమీద ఏదో దొరల బంగళాకు పోయి వచ్చాడు నాయన. అక్కడ రాతి తొట్లలో పూలమొక్కలు చూశాడు. ఆ తొట్ల అడుగున చిల్లులుంటాయని చూడలేదు. చూసినా, పనివాడికి అతకడం రాలేదనే అనుకొని ఉండేవాడు. బండలవాళ్ళకు చిల్లు అంటే తప్పు. కారే తొట్టి కట్టినవాడికి మా ఊళ్ళో పిల్లనిచ్చేవాళ్ళు కారు.

గనిలో పని తగ్గిన ఎండాకాలం ఆ సందును తోట చేశాడు. కంటికి అది గొప్ప పనే, ఇప్పటికీ ఒప్పుకుంటాను. బండలు నిలువుగా పాతి, అడుగున బండ పరిచి, అతుకులన్నీ సున్నపు గచ్చుతో పూడ్చి, కంచె వెంబడి తొట్లు కట్టాడు. వాటిని మెట్లలాగా అమర్చాడు. వెనకది ఎత్తు, ముందుది పల్లం, ఒక మొక్క నీడ ఇంకోదాని మీద పడకుండా. పైన కట్టెల పందిరి వేసి బీర, సొర, దొండ పాకించాడు. పందిరి నీడలో చుక్కకూర, తోటకూర. ఎండ తగలని మూలకు వెలుతురు మళ్ళాలని వంటింటి గోడకు తెల్లగా సున్నం కొట్టించాడు. కంచె బండల సందుల్లో చిక్కుడు ఎక్కించాడు. బండ తొలిచి సన్నని కాలువ చేసి, పై తొట్టి నిండితే కింది తొట్టిలోకి నీళ్ళు దిగేలా పెట్టాడు. చివరి తొట్టిలో నీళ్ళు అక్కడే నిలవాలి. ఒక్క బొట్టు కూడా కిందికి ఇంకకూడదు.

“నేలకు తాపితే నేలేమన్నా మనకు కూడు పెడతాదా?” అనేవాడు.

నడిచే తోవ మాత్రం ఒక మనిషి పక్కకు తిరిగి పోయేంత. ఆ తోవలో చంకన బిందెతో రోజూ నడవవలసింది వదిన.

“పాపా, మీ నాయన బీరకాయకు ఇచ్చినంత జాగా నాకు ఇయ్యల్యా. రేపు నేను కడుపుతో ఉంటే ఈ తోవలో ఇరుక్కుంటా. పెరికి తీసేదానికి మల్లా గనోళ్ళే రావాల” అనేది నా చెవిలో. అది నా చెవిలో అన్నా వంటింట్లో అమ్మకు వినబడేది.

దొండకు ఇంకొక తొట్టి కావలసి వచ్చింది. జాగా లేదు. నాయన కళ్ళు కొట్టం మీద పడ్డాయి. ఆ రోజు వాళ్ళు మాట్లాడుకున్నది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే బంధువులు చెప్పే కథలో ఈ ముక్క ఎప్పుడూ ఉండదు.

“కొట్టం పీకేస్తే ఆ మూడు దినాలు పిల్ల యాడుండాల?” అని అమ్మ అడిగింది.

“పందిరి కింద బండ ఏస్తాలే. సల్లగుంటాది.”

“వానొస్తే?”

“వానంట! మనకు వానలు యాడుండాయే? వచ్చిన దినాన చూసుకుందాం.”

“పాదుల నడాన కూచోబెడితే నలుగురు ఏమనుకుంటారు?”

“నలుగురికి కాయలిస్తే నోరు మూసుకుంటారు” అన్నాడు నాయన.

తలుపు వెనకనుంచి వదిన, “సొరకాయ తెగి నెత్తిన పడితే మాత్రం నేను ఊరుకోను పాపా, కూరొండుకోని తినేస్తా” అని గొణిగింది. కొట్టం పీకేశారు. తోట చివర, దొండ పందిరి కింద, చివరి తొట్టికి ఆనించి ఒక బండ వేశారు. ఆ తర్వాత నెలనెలా వదిన ఆ బండమీదే కూర్చునేది. తొట్టి అంచుకు వీపు ఆనించేది. ఆమెను అక్కడ కూర్చోబెట్టింది మా నాయన. ఈ మాట నేను రెండుసార్లు చెప్పినా తప్పులేదు.

మొదట్లో వానలు బాగా పడ్డాయి. తొట్లు నిండి పొర్లేవి. కాపు విరగబడింది. గని ఆఫీసువాళ్ళు, ఊరి కరణం, మునసబు, అందరూ సందులోకి తొంగిచూసి, “ఏమప్పా, ఇంత జాగాలో ఇన్ని రకాలా!” అని ముక్కుమీద వేలేసుకునేవాళ్ళు. నాయన వాళ్ళకు కాలువ చూపించేవాడు, గచ్చు చూపించేవాడు, తొట్టి అంచున గోరు దూర్చి చూడమనేవాడు. పోతూ పోతూ వాళ్ళు పందిరి కింద బండమీద కూర్చున్న వదినను చూసేవాళ్ళు. చూసీ కాయలు పట్టుకుపోయేవాళ్ళు. అప్పుడు ఆ కాయలకు ఏ అంటూ లేదు.

మూడో ఏడు వాన పడలేదు. బావిలో నీళ్ళు అడుగంటి, చేద రాయికి తగిలే చప్పుడు వచ్చేది. పైకి వచ్చిన నీళ్ళు అంతకుముందుకన్నా ఉప్పగా ఉండేవి. మొదట చిక్కుడాకుల అంచులు ఎర్రబడ్డాయి, ఎవరో నిప్పుతో చుట్టూ గీసినట్టు. తర్వాత బీర. పూత రాలిపోయింది. నాయన నీళ్ళు చాలడం లేదనుకున్నాడు. పొద్దున, సాయంత్రం పోయమన్నాడు. అరచేతులు తోలు లేచిపోతే, వదిన చేద తాడుకు గుడ్డ చుట్టి లాగేది. పోసేకొద్దీ మాడింది. మాడేకొద్దీ పోయమన్నాడు. గచ్చు ఎక్కడో బీటవేసి నీళ్ళు కారిపోతున్నాయేమోనని అతుకులన్నింటికీ మళ్ళీ సున్నం మెత్తాడు. చివరి తొట్టికి మాత్రం మెత్తలేకపోయాడు. పందిరి గుంజ బరువుకు దాని అడుగుబండ చిట్లింది. దాన్ని మార్చాలంటే పందిరంతా దించాలి. “ఆ తొట్టి ఒకటి మనకు చెడ్డపేరు” అని దానివైపు చూడడమే మానేశాడు.

ఆ దినాల్లో బద్వేలునుంచి పెద్దమ్మ వచ్చింది. మా అమ్మకు అక్క. ఏ ఇంటికి పోయినా ఆ ఇంట్లో తప్పు ఎక్కడుందో అన్నం తినేలోపల కనిపెట్టేది. మధ్యాహ్నం వేళ, వదిన బండమీద కూర్చొని విస్తరి ముందు పెట్టుకుని ఉంది. పెద్దమ్మ గడపలో నిలబడి తోటను చూసింది, వదినను చూసింది, మళ్ళీ తోటను చూసింది.

“ఏమ్మే, ఇదేంది ఇట్ల పాదుల నడాన కూచోనుండాది?”

అమ్మ జవాబు చెప్పలేదు.

“కడగా ఉండాల్సిన మనిషిని తెచ్చి పచ్చని చెట్ల కింద పెట్టుకుంటే ఇంగ మాడకుండా ఏమైతాది? ముట్టుకున్యావామ్మా నువ్వు?”

“నేను కాలు కూడా కదపల్యా పెద్దత్తా” అంది వదిన. చేతిలో ముద్ద విస్తరిలో పెట్టేసింది.

“కదపల్యా అంటాది. నీడ పడదా? గాలి తగలదా?”

నాయన వంటింటి గుమ్మంలో ఉన్నాడు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆ బండ వేసింది ఆయనే కదా. ఆయన ముఖంలో నాకు కనిపించింది కోపం కాదు, ఊరట. నెలలుగా తన పనిలో తప్పు వెతుక్కుంటున్న మనిషికి, తప్పు తన పనిలో లేదని ఒకరు వచ్చి చెప్పారు. “అదా సంగతి” అన్నాడు మెల్లగా. అంతకుమించి అనలేదు. అనవలసిన అవసరం ఆయనకు లేకపోయింది. సాయంత్రానికి ఆ మాట వీధిలో ఉంది. మరునాటికి గనిలో ఉంది. కాయలు తిన్న ఇళ్ళన్నీ తలూపాయి.

వదిన స్నానం చేసి ఇంట్లోకి వచ్చిన రోజే ఆమె పెట్టె సర్దించారు. తోట కోలుకునేదాకా పుట్టింట్లో ఉండి రమ్మన్నారు. గనిలో బండలు తోలే బండి ఒకటి కోయిలకుంట్ల వైపు పోతుంటే అందులో కూర్చోబెట్టారు.

“అత్తా, నేను ముట్టల్యా. బండమీంద కూచోమన్యారు, కూచున్యా. అంతకుమించి నాకేం తెల్దు.”

“ఒక వాన పడనీమ్మా” అంది అమ్మ. “పాదులు లేస్తే మీ మామే మనిషిని పంపిస్తాడు.”

వదిన నావైపు తిరిగి, “ఏడ్చాకు పాపా. ముక్కు సొరకాయంత అయితాండాది” అంది. ఆమె నవ్వలేదు. అన్న ఎడ్ల పగ్గం సవరిస్తూ తల వంచుకుని నిలబడ్డాడు. ఒక మాట అనలేదు. పెళ్ళాన్ని బండెక్కిస్తుంటే తాడు ముడి గురించి అంత శ్రద్ధ పెట్టిన మగవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

అయితే అన్న చేసింది ఒకటుంది. అదీ చెప్పాలి. మరునాటినుంచి తెల్లవారుతూనే గనికి పోయేముందు ఆయనే నీళ్ళు తోడి తొట్లకు పోసేవాడు. తొట్టి తరవాత తొట్టి, ఒక్క మొక్క మరవకుండా. ఎవరూ చెప్పలేదు ఆయనకు. తోట లేస్తే వదిన వస్తుంది, అంతే ఆయనకు తెలిసింది. నోరు లేనివాడు చేతులతో పిలిచాడు. ఆ ఉప్పునీళ్ళతోనే పిలిచాడు. పోసిన ప్రతి చేదా ఆమెను ఇంకాస్త దూరం తోసిందని ఆయనకు ఎవరు చెప్పాలి?

మరుసటి ఏడు వాన పడింది. మళ్ళీ గింజలు వేశారు. మొలిచాయి, రెండాకులు వేశాయి, అంచులు ఎర్రబడి మాడాయి. నాయన, “దోషం ఇంగా పోల్యా” అన్నాడు. మనిషిని పంపలేదు. వదినవాళ్ళ అన్న ఒకసారి వచ్చి ఇంటిముందు బండమీద కూర్చొని, మజ్జిగ తాగి, ఏమీ తేలక వెళ్ళిపోయాడు. ఇంకొన్నాళ్ళకు మా అన్నకు బద్వేలు పెద్దమ్మే ఒక సంబంధం చూసింది. ఒకామె ఉండగా ఇంకొకామెను చేసుకోవడానికి అప్పుడూ ఇప్పుడూ మనలో ఎవరూ అడ్డం చెప్పరు. తొట్లు పగలగొట్టి, ఆ బండలనే పెళ్ళివంటల పొయ్యిల చుట్టూ పరిచారు. చివరి తొట్టి ఒక్కటి పందిరి గుంజ కోసం ఉంచారు. దాంట్లో దొండ అప్పటికీ కాస్తూనే ఉంది. పెళ్ళిలో దొండకాయ వేపుడు అదే.

ఆ దొండ సంగతి అడుగుతాను నేను బంధువులను. వదిన వీపు ఆనించి కూర్చున్నది ఆ తొట్టికే కదా. ఆమె నీడ, ఆమె గాలి మొట్టమొదట తగిలింది దానికే కదా. దూరాన ఉన్న చిక్కుడు చచ్చి, వీపు కింది దొండ ఎలా బతికింది? ఈ ప్రశ్న పెద్దమ్మను అడిగినప్పుడు ఆమె వక్కాకు మరికాస్త నోట్లో పెట్టుకుంది. ఇంకొకాయన, “దొండ మొండిది లేమ్మా” అన్నాడు.

నాయన నన్ను మద్రాసు పంపి కాలేజీలో చదివించాడు. ఆ మేలు నేను దాచను. అక్కడ ఒక రోజు మా అధ్యాపకురాలు పింగాణీ గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి మరగబెట్టింది. నీళ్ళు పోయాయి, అడుగున తెల్లటి పొర మిగిలింది. నీళ్ళే పోతాయి, ఉప్పు పోదు. ఇది చిన్నపిల్లలకు చెప్పే పాఠం. మిగతా అమ్మాయిలు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేను మాత్రం మా తోటను చూస్తున్నాను. నేలలో పోసిన ఉప్పునీళ్ళను నేల లోపలికి లాక్కుంటుంది, వాన వచ్చి ఇంకా కిందికి కడుగుతుంది. మా తొట్లకు అడుగున బండ, చుట్టూ బండ, అతుకుల్లో గచ్చు. అందులో పోసినవాటిలో నీళ్ళను ఎండ తాగింది, ఉప్పును వేళ్ళు తాగాయి. మొదటి ఏళ్ళలో వాన పలచన చేసి, పొర్లించి కాపాడింది. వాన లేని ఏడు లెక్క తేలింది. చిట్లిన తొట్టి ఒక్కటే కారింది. కారినది బతికింది.

సెలవులకు వచ్చి ఈ మాట నాయనతో చెప్పాను. అమ్మ అక్కడే చేటలో బియ్యం ఏరుతోంది.

“ఆ బావినీళ్ళు మా తాతల కాలంనుంచి పోస్తాండాం. చెట్లు యాడ సచ్చినాయి?” అన్నాడు.

“అవి నేలలో ఉన్న చెట్లు నాయనా. నీ తొట్టికి నోరుంది గానీ, కింద తూము లేదు.”

“గచ్చు కారితే అది పనే కాదు.”

“కారిన తొట్టిలోనే కదా దొండ బతికింది? వదిన ఆనుకున్న తొట్టి కదా అది?”

“నీకు చదువు చెప్పించింది నాకు ఎదురు మాట్లాడేదానికా?”

“దానికే అయింది నాయనా.”

అమ్మ చేట తీసుకుని లేచి లోపలికి పోయింది. బియ్యంలో రాళ్ళు సగం అలాగే ఉన్నాయి. నేనప్పుడు వాదనలో ఉన్నాను, ఆమెవైపు చూడలేదు. నాయన ఆ తర్వాత తోట మాట ఎత్తలేదు. బంధువులు ఎత్తితే కాదనీ అనలేదు. రెండేళ్ళకు అమ్మ జ్వరంతో పోయింది.

పరీక్షల పనిమీద నన్ను కోయిలకుంట్ల పంపినప్పుడు, ఒక పూట తీరిక చేసుకుని వదిన పల్లెకు పోయాను. వాళ్ళన్న ఇంటి వసారాలో జొన్నలు చెరుగుతోంది. జుట్టు ముందరంతా నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

“పాపా! ఎంత లావైనావే! ఇప్పుడు మీ నాయన తోవలో ఇరుక్కునేది నువ్వే.”

నేను నవ్వలేకపోయాను. ఆమె చెరగడం ఆపలేదు. నేను పంతులమ్మనయ్యానని విన్నానంది, పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగింది, జవాబు కోసం ఆగలేదు. అప్పుడు నేను తెచ్చుకున్న పాఠమంతా చెప్పాను. ఉప్పు, బండ, గచ్చు, చిట్లిన తొట్టి, అన్నీ. నీ తప్పు లేదని చెప్పాను. ఈ మాట ఎవరో ఒకరు వచ్చి చెబితే ఆమె గుండె తేలిక పడుతుందని అనుకున్నాను కాబోలు.

“నా తప్పు ల్యాదని నాకు తెల్దా?” అంది. “నువ్వొచ్చి చెప్పాల్నా?”

అన్న తెల్లవారుతూనే నీళ్ళు తోడి పోసేవాడని చెప్పాను. అప్పుడు మాత్రం చేట ఆగింది.

“నోటితో ఒక మాట అనుంటే శాలు కదే.” కాసేపటికి, “బాగుండాడా?” అంది.

“ఉన్నాడు.”

“ఉండనీ.” మళ్ళీ జొన్నలు ఎగరేసింది. “ఉప్పంటాండావే, అది నేను చూసినా. తొట్ల అంచున తెల్లగా పేరుకునేది. మీ అమ్మ పొద్దున్నే లేసి, మీ నాయన బయటికి రాకముందే చీపురుతో ఊడ్చి, చేటలోకెత్తి, కంచె అవతల పారబోసేది.”

“ఊడ్చేదా?” అన్నాను.

“నేనొకనాడు చూస్తే, ‘కొత్త గచ్చు పొడి రాల్తాండాది, మీ మామకు చెప్పాకు, కట్టినాయప్పకు కష్టంగా ఉంటాది’ అనె. నేను సరే అత్తా అన్యా.”

“గచ్చు పొడే అనుకుందా అమ్మ?”

“ఏమోమ్మా, నాకేం తెల్సు? వేలితో అద్ది నాలుక్కి ఆనిచ్చుకునె. ఊసేసి, కొంగుతో మూతి తుడుచుకునె. అది మాత్రం చూసినా.”

“మరి పెద్దమ్మ అట్లా అన్నప్పుడు నువ్వు ఎందుకు చెప్పలేదు వదినా?”

“ఎవురికి చెప్పాల? ముట్టుకున్యావా అని అడిగిన్యారు గానీ, నువ్వేమన్నా చూసినావా అని నన్ను ఎవురడిగిన్యారు?”

పొద్దు వాలుతోందని, బండివాడు తొందరపెడుతున్నాడని లేచాను. నేను వద్దంటున్నా వినకుండా ఆమె కాసిని జొన్నలు నా సంచిలో పోసింది. వాటిని కర్నూలు తెచ్చి వండుకుని తిన్నాను. ఎవరితోనూ ఏమీ అనలేదు.

బంధువులను గెలవడం నాకు కష్టం కాదు. ఉప్పు ఉంది, చిట్లిన తొట్టి ఉంది, బతికిన దొండ ఉంది. నాయనతోనూ వాదించి గెలిచాను. ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అన్నకు తెలియదు. పెద్దమ్మకు తెలియకపోయినా తీర్పు చెప్పడం అలవాటు. వీళ్ళందరినీ కోప్పడగలను. అమ్మ దగ్గర మాత్రం నా వాదన ఆగిపోతుంది. నలభై ఏళ్ళు ఆ బావినీళ్ళతో గిన్నెలు తోమి, ఎండిన గిన్నెమీద ఏ తెలుపు మిగులుతుందో రోజూ చూసిన మనిషి ఆమె. ఆ తెలుపును నాలుకమీద పెట్టుకుని చూసిన మనిషి. పెద్దమ్మ అడిగినప్పుడు జవాబు చెప్పని మనిషి. కట్టినవాడికి కష్టంగా ఉంటుందని ఊడ్చిందంటే, ఆ కష్టం ఎంత పెద్దదో ఆమెకు తెలుసు. కోడలి కష్టం ఎంతదో కూడా తెలిసే ఉండాలి, ఆమె కూడా ఒకప్పుడు ఆ ఇంటికి కోడలిగా వచ్చినదే, ఆ కొట్టంలో మూడు రోజులు కూర్చున్నదే. లేదా నిజంగానే సున్నం అనుకుందేమో. ఉప్పు వేరు, తోట చావు వేరు అనుకుందేమో. ఆమె బతికి ఉండగా అడగడానికి నాకు ఈ సంగతి తెలియదు, తెలిసేసరికి ఆమె లేదు. అది ఉప్పని తెలిసే మా అమ్మ వదినను ఆ బండి ఎక్కించిందా?